యూజ్డ్ టు మాస్టారి పద్నాలుగో పుస్తకం

పెనుగొండ దాటి కాలవగట్టు మీద నాలుగు కిలోమీటర్లు వెళ్ళాక వచ్చే ఊళ్ళో ఎవరినైనా ఆపి, యెహెజ్కేలు గారిల్లెక్కడండీ అని అడగండి. కాసేపు బుర్ర గోక్కుంటారు. యూజ్డ్ టు మాస్టారి ఇల్లెక్కడండీ అని అడగండి. బండికి స్టాండు వేసి మరీ వీధి చివరిదాకా వచ్చి చూపిస్తారు. తనకా పేరుందని మాస్టారికి తెలుసు. మొదట్లో ఒళ్ళు మండేది. డెబ్భయ్యో ఏడు వచ్చాక మాత్రం, ఊళ్ళో మనిషికి ఏదో ఒక పేరు మిగలడమే గొప్పనుకుని ఊరుకున్నారు.

ఆ పేరు ఊరికే రాలేదు. కాలవగట్టు మీదున్న మిషను వాళ్ళ ఎయిడెడ్ హైస్కూల్లో ఆయన ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పారు. ఒకప్పుడు చేసి ఇప్పుడు మానేసిన పని గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే యూజ్డ్ టు అనాలి. మనం చేసేవాణ్ణి, వెళ్ళేవాళ్ళం, తినేవారు అంటామే, అదే. గైడు పుస్తకంలో దానికిచ్చిన ఉదాహరణ ఏమిటయ్యా అంటే, జాన్ అనే ఆయన ఒకప్పుడు గుర్రపు స్వారీ చేసేవాడట. గోదావరి డెల్టాలో తొమ్మిదో తరగతి పిల్లలకి జాన్ ఎవరు, వాడి గుర్రం ఎవరికి కావాలి? ఎనభై ఐదులో ఒక మధ్యాహ్నం క్లాసంతా ఆవలిస్తుంటే మాస్టారు విసుగెత్తి పుస్తకం మూసేసి, "మీ ఇళ్ళలో ముసలాళ్ళు ఇదివరకు చేసి ఇప్పుడు మానేసినవి ఏమైనా ఉన్నాయంట్రా?" అని అడిగారు. అంతే, క్లాసు లేచి కూర్చుంది. మా తాత లాంచీలో నరసాపురం వెళ్ళేవాడండి. మా మామ్మ దంపుడు బియ్యమే తినేదండి. మా నాన్న చెరుకు బండి మీద తణుకు వెళ్తూ నిద్రపోయేవాడండి, ఎద్దులే తీసుకెళ్ళేవండి. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

ఆ రోజు నుంచి అదొక ఆచారమైపోయింది. ఏటా ఆ పాఠం వచ్చేసరికి పిల్లలు ఇంటికెళ్ళి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళని అడగాలి. వాళ్ళన్న మాటని వాళ్ళన్నట్టే తెలుగులో రాసుకురావాలి. మర్నాడు దాన్ని క్లాసులో రెండు ఇంగ్లీషు వాక్యాలు చెయ్యాలి. మొదటిది యూజ్డ్ టు పెట్టి, రెండోది నౌ అని మొదలెట్టి. చేసేవారు అన్నాక, ఇప్పుడు చెయ్యట్లేదు అని కూడా చెప్పాలి. రెండోది రాయకపోతే సగం మార్కే. అన్నీ సరిచూసుకున్నాక ఒక పెద్ద లాంగ్ నోటు పుస్తకంలో ఎవరి వాక్యం వాళ్ళే, పైన ఇంగ్లీషు, కింద తెలుగు, సొంత దస్తూరీతో ఎక్కించాలి. మాస్టారు ఎర్ర సిరాతో టిక్కు పెట్టి గుడ్ అని రాసేవారు.

దాంతో యూజ్డ్ టు గోడ దూకి ఊళ్ళో పడింది. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాళ్ళ నోట్లో కూడా ఆడింది. కాఫీ హోటల్లో పల్లంరాజు గారు, "నేను యూజ్డ్ టు రోజుకి ఆరు టీలండి, నౌ డాక్టరుగారు డజ్ నాటండి" అనేవారు. వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేసిన రైతులు గట్టు మీద నిలబడి, ఇదంతా యూజ్డ్ టు దాళ్వా వరి అనుకునేవారు. మాస్టారు వింటే వ్యాకరణం సరిచెయ్యబోయి, ఎందుకులే అని నవ్వేసి వెళ్ళిపోయేవారు.

అలాంటి పుస్తకాలు ఇరవై ఏడు. ఆయన రిటైరైన రోజున హెడ్మాస్టరు గారు శాలువా కప్పితే, మాస్టారు మాత్రం ఆ పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో సర్దుకుని ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు. "శాలువా ఎక్కడండీ?" అని భార్య కృపారాణి అడిగితే అప్పుడు గుర్తొచ్చింది, బల్ల మీద మర్చిపోయారని.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, మూడు వారాల కిందట మాస్టారి తల్లి ఏసమ్మ తొంభై రెండో ఏట నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. వచ్చే ఆదివారం గుళ్ళో జ్ఞాపకార్థ కూడిక. కొడుకు లేచి తల్లి గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పాలి. ఆ నాలుగు మాటలే మాస్టారికి దొరకడం లేదు.

బుధవారం సాయంత్రం పాస్టరు విజయ్ పాల్ గారు వచ్చి కూర్చున్నారు. కుర్రాడే, ముప్పై ఐదు ఉంటాయేమో, ఊరికి వచ్చి రెండేళ్ళయింది.

"అమ్మగారికి బాగా ఇష్టమైన కీర్తన ఏదండి మాస్టారూ? ఆదివారం అదే పాడించేద్దామండి."

మాస్టారు ఆలోచించారు. "మా అమ్మ పాడేది కాదండి అయ్యగారూ. గుళ్ళో అందరూ లేచి పాడుతుంటే నోరు మెదపకుండా నిలబడేది. ఆవిడకి పాట రాదనుకుంటానండి."

"పోన్లెండి, ఏదో ఒకటి నన్నే చూసుకోమంటారా? మీరు సాక్ష్యం ఒక్కటీ రాసి ఉంచండి చాలు. పెద్దావిడ బతుకు పిల్లలకి తెలియాలి కదండీ."

ఆయన వెళ్ళాక మాస్టారు తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నారు. మొదటి మాట తడుముకోకుండానే వచ్చింది. చాలా ఏళ్ళుగా అందరికీ గర్వంగా చెప్పుకుంటున్నదే. 'డెబ్భై ఎనిమిదిలో నాకు ఉద్యోగం రాగానే, మొదటి జీతం అమ్మ చేతిలో పెట్టి, ఆ రోజు నుంచే కూలి పని మాన్పించాను.' తండ్రి మాస్టారి చిన్నతనంలోనే పోయాడు. ఏసమ్మ కూలికి వెళ్ళి, కొడుకుని ఆరేళ్ళప్పుడే మిషను బోర్డింగులో చేర్పించి చదివించింది. కాబట్టి ఆ వాక్యం రాయడానికి ఆయనకి హక్కుంది. బాగుంది కూడా. తర్వాత 'మంచి తల్లి' అని రాశారు. 'ప్రార్థనాపరురాలు' అని రాశారు. ఆ రెండూ పోయినవాళ్ళందరి గురించీ అనేవే. కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

"ఏంటండీ, అయిపోయిందా?" అంది కృపారాణి.

"లేదు రాణీ. ఏం రాయాలో తోచట్లేదు. నేను బోర్డింగులో పెరిగాను. వేసవి సెలవులకి వస్తే పచ్చడీ అన్నం కలిపి పెట్టేది, మళ్ళీ పంపించేసేది. తన గురించి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు."

కృపారాణి మెత్తని మనిషే గానీ, మొగుడి దగ్గర నిజం దాచుకునే అలవాటు లేదు. "ఊళ్ళో ముసలాళ్ళందర్నీ పిల్లలచేత అడిగించారు కదండీ. ఆవిడ ఈ అరుగు మీద నలభై ఏళ్ళకి పైగా కూర్చుంది. మీరెప్పుడైనా అడిగారా?"

మాస్టారు ఎంతమంది పిల్లల్ని ఎన్ని ఇళ్ళకి పంపించి ఉంటారు! మా ఇంట్లో ముసలాళ్ళకి చెవుడండి అంటే, గట్టిగా అడుగు అని కసిరేవారు. ఆయనకి మాత్రం ఆ హోంవర్కు ఇచ్చేవాడు లేకపోయాడు. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయారు.

గురువారం పొద్దున్నే వాకిట్లో స్కూటీ ఆగింది. అరటిపళ్ళ సంచి పట్టుకుని నలభై ఏళ్ళావిడ దిగింది. "మాస్టారండీ, నేనండీ, వీరవేణినండీ. తొంభై ఎనిమిది బ్యాచి" అంది. మాస్టారికి ముఖం గుర్తు రావడానికి కాస్త టైము పట్టింది. ఇప్పుడు భీమవరంలో రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరుగా చేస్తోందట. మామ్మగారు పోయిన సంగతి నిన్ననే తెలిసిందట. సెలవు పెట్టి వచ్చేసింది. పలకరింపులకి వచ్చినవాళ్ళు మామూలుగా కొడుకుని చూసి కళ్ళు తుడుచుకుంటారు. వీరవేణి మాత్రం నేరుగా వెళ్ళి ఏసమ్మ కూర్చునే అరుగు మూల చెయ్యి పెట్టి, అక్కడ ఏడ్చింది. సొంత మామ్మ పోయినట్టే ఏడ్చింది.

"మా అమ్మ నీకు అంత బాగా తెలుసా అమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"అదేంటండీ మాస్టారూ, మీ వల్లే కదండీ" అంది వీరవేణి ముక్కు తుడుచుకుంటూ. "యూజ్డ్ టు పాఠమప్పుడు నన్ను వరండాలో నిలబెట్టారు, గుర్తు లేదాండి? మా అమ్మ పోయింది, నాన్న చెరుకు నరకడానికి వెళ్ళి వారానికోసారి వచ్చేవాడు. మా ఇంట్లో ముసలాళ్ళెవరూ లేరండి అన్నాను. సాకులు చెప్పకు, ముసలాళ్ళు లేని ఊరుంటుందా, ఎవరో ఒకరిని అడిగే క్లాసులో అడుగు పెట్టు అన్నారండి."

మాస్టారి ముఖం ఎర్రబడింది. అన్నారు. అనే ఉంటారు. ఆ రోజుల్లో ఆయన ధోరణి అదే.

"ఏడ్చుకుంటూ ఇంటికి పోతుంటే, ఈ అరుగు మీద మామ్మగారు తోటకూర బాగు చేస్తున్నారండి. ఎందుకే ఏడుస్తున్నావు, ఇలా రా అన్నారు. సంగతి చెబితే పడీ పడీ నవ్వారు. దానికేనా ఏడుపు, కూర్చో, నేను చెబుతాను రాసుకో, కానీ మీ మాస్టారికి నేనని చెప్పకేం అన్నారండి. అందుకని మామ్మ అనే రాశాను. అప్పట్నుంచి టెన్త్ అయ్యేదాకా రోజూ బడయ్యాక ఇక్కడే కూర్చునేదాన్నండి. మీరు ట్యూషన్లు చెప్పుకుని వచ్చేసరికి వెళ్ళిపోయేదాన్ని. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయాండి?"

మాస్టారు అప్పటికే లోపలికి వెళ్ళి మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగుతున్నారు. గొళ్ళెం రావట్లేదు. కృపారాణి వచ్చి తీసింది. పద్నాలుగో పుస్తకం అట్ట మీద 1998 అని ఆయన దస్తూరీలోనే ఉంది. వీరవేణి పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

పైన ఇంగ్లీషు. అక్షరాలు గుండ్రంగా, ఒక్కటి కూడా తప్పు లేకుండా ఉన్నాయి. మామ్మ యూజ్డ్ టు సింగ్ ఇన్ ద ఫీల్డ్స్. నౌ షి డజ్ నాట్ సింగ్. పక్కన ఎర్ర సిరాతో టిక్కు. గుడ్.

ఇరవై ఏడు పుస్తకాలు దిద్దిన మాస్టారు ఏ రోజూ కింది సగం చదవలేదు. ఆయన ఇంగ్లీషు మాస్టారు. యూజ్డ్ టు పడిందా, డజ్ నాట్ సరిగ్గా వచ్చిందా అని చూసి టిక్కు పెట్టేసేవారు. కింద తెలుగులో ఏముందో చూసే తీరిక లేదు, అవసరమూ అనుకోలేదు. ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుని ఆ తెలుగు చదివారు.

'మామ్మ వరి ఊడుపులకి వెళ్ళినప్పుడు పాట ఎత్తేది. ముప్పై మంది ఆడవాళ్ళు అందుకునేవారు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు సైకిళ్ళు ఆపి వినేవారు. కొడుక్కి ఉద్యోగం వచ్చాక కూలి మానెయ్యమన్నాడు. మానేసింది. పాట కూడా పోయింది. పాట ఎత్తితే అందుకోవడానికి పక్కన వరస ఉండాలి కదా, ఇంట్లో ఎవరు అందుకుంటారు అంది. గుళ్ళో పాటలు పుస్తకంలో చూసి పాడాలి, మామ్మకి చదువు రాదు. కొడుకు మంచోడే, నా కష్టం చూళ్ళేక మాన్పించాడు, ఈ మాట వాడికి చెప్పకు అంది.'

మాస్టారు ఆ పేజీ ఎన్నిసార్లు చదివారో. కృపారాణి కూడా వంగి చదివి, "నేను కాపరానికి వచ్చేసరికే ఆవిడ నోరు మూతపడిపోయిందండీ" అంది.

అప్పుడు మాస్టారికి డెబ్భై ఎనిమిది జూలై గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చింది అనడం అబద్ధం. ఎప్పుడూ మర్చిపోలేదు, అటువైపు చూడటం మానేశారంతే. ఉద్యోగంలో చేరిన రెండో వారం. హెడ్మాస్టరుగారూ ఆయనా సైకిళ్ళ మీద గట్టు వెంట బడికి వెళ్తున్నారు. వాన వెలిసింది. చేలో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఒకావిడ నడుం నిటారుగా ఎత్తి, చేతిలో నారు కట్టతో, పాట అందుకోమన్నట్టు గొంతెత్తింది. మోకాళ్ళదాకా బురద, నెత్తిన గుడ్డ, ఆ గొంతు మాత్రం కాలవ అవతలిదాకా వినిపించింది. హెడ్మాస్టరుగారు సైకిలు ఆపేశారు. "ఎవరండీ ఆవిడ, భలే పాడుతోంది?" అని అడిగారు. కొత్త ప్యాంటూ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మాస్టారు, "తెలీదండి" అన్నారు.

ఆ సాయంత్రమే ఇంటికెళ్ళి, "ఇంక నువ్వు కూలికెళ్ళొద్దమ్మా, నేనున్నాను కదా" అన్నారు. అప్పటికి జీతం కూడా చేతికి రాలేదు. మొదటి జీతం ఇచ్చి మాన్పించాను అన్నది తర్వాత కుదుర్చుకున్న మాట. చెప్పగా చెప్పగా ఆయనకే అది నిజమైపోయింది.

శుక్రవారం మాస్టారు జేబులో కాగితం తీసి చింపేశారు. కొత్తది రాయలేదు. శనివారం సాయంత్రం మాత్రం మాలపేట దాకా నడిచివెళ్ళి, సువార్తమ్మ అనే డెబ్భై ఏళ్ళావిడ గుమ్మంలో చాలాసేపు కూర్చుని వచ్చారు. ఎందుకెళ్ళారండీ అంటే, హోంవర్కు అన్నారు కృపారాణితో.

ఆదివారం గుడి నిండిపోయింది. ముందు కుర్చీల్లో బంధువులు, మాస్టారి పాత విద్యార్థులు. వెనక చాపల మీద ముసలి ఆడవాళ్ళు. వాక్యోపదేశం అయ్యాక పాస్టరుగారు పిలిస్తే మాస్టారు లేచారు. చేతిలో కాగితం బదులు నోటు పుస్తకం చూసి పాత విద్యార్థులు ముసిముసి నవ్వులు నవ్వుకున్నారు. మాస్టారు ముందు ఇంగ్లీషు చదివారు. తర్వాత తెలుగు చదివారు, కొడుకు మంచోడే అన్న మాట కూడా వదలకుండా చదివారు. గుళ్ళో నవ్వులు ఆగిపోయాయి.

"ఇది మా అమ్మ చెప్పిన మాటండి. నాతో చెప్పలేదు. నేను వరండాలో నిలబెట్టిన పిల్లతో చెప్పింది. నేను టిక్కు పెట్టి గుడ్ అని కూడా రాశాను" అన్నారు మాస్టారు. "మా అమ్మని కూలి మాన్పించానని నేను ఇన్నాళ్ళూ మీ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ కష్టం చూళ్ళేక కాదండి. హెడ్మాస్టరుగారు ఆవిడెవరని అడిగితే తెలీదన్నాను. సిగ్గుపడ్డాను. అందుకు మాన్పించాను. కూలితో పాటు పాట కూడా పోతుందని నాకు తెలీదు. తెలుసుకోవాలని అడగలేదు కూడా."

వీరవేణి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారు కీర్తన పుస్తకం తెరిచి పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడ్డారు.

మాస్టారు ఆయన వైపు తిరిగి చేతులు జోడించారు. "అయ్యగారూ, అమ్మకి ఇష్టమైన పాట ఏదని మీరడిగారు. ఇప్పుడు తెలిసిందండి. కీర్తన కాదండి, చేలో పాట. మీరు ఒప్పుకుంటే..."

కుర్ర పాస్టరు చేతిలో పుస్తకం మూసేశారు. "కానివ్వండి మాస్టారూ" అన్నారు.

మాస్టారు వెనక చాపల వైపు చూశారు. సువార్తమ్మ గోడ ఆసరాతో లేచింది. పాతికేళ్ళ వయసులో ఏసమ్మ పక్కన వరసలో వంగి నాట్లు వేసిన మనిషి. గొంతు బొంగురుపోయింది, పళ్ళు లేవు. అయినా ఎత్తింది.

"గట్టు మీద మబ్బొచ్చె, ఓ వదినా... గబగబ నాటవే, ఓ వదినా..."

మొదట ఎవరూ అందుకోలేదు. గుళ్ళో ఈ పాటేంటి అన్నట్టు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. సువార్తమ్మ ఆగి, ఎవరైనా అందుకుంటారేమోనని ఎదురుచూసింది. అప్పుడు ముందు వైపు నుంచి ఒక మగ గొంతు, శనివారం సాయంత్రం ఒకే ఒక్కసారి నేర్చుకున్న పాఠాన్ని, వరస తప్పుతూ, శ్రుతి తప్పుతూ అప్పజెప్పింది.

"వానొస్తే రానియ్యే, ఓ వదినా..."

దాని వెనకే చాపల మీద నుంచి పది గొంతులు లేచాయి, ఆ తర్వాత ఇరవై. నలభై ఆరేళ్ళ తర్వాత ఏసమ్మ పాటని మొదట అందుకున్నది ఆవిడ కొడుకు.